నెగటివ్ చీటీ

నా కొలువు కఫం చూసుడు. చేవెళ్ల దాటినంక షాబాద్ పోయే రోడ్డు దిక్కు ఒక చిన్న సర్కారు దవాఖానల ఇరవై ఏండ్లకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గ చేసిన. వెనుక అర్ర నాది. ఒక మైక్రోస్కోపు, ఒక సింకు, ఒక స్పిరిట్ దీపం, రెండు స్టూళ్లు. రెండో స్టూలు మీద ఎవరూ కూసునేది కాదు, దాని మీద రిజిస్టర్లు పెట్టుకున్న.

చాలా రోజుల సంది దగ్గు తగ్గనోళ్లను డాక్టరు నా దగ్గరికి పంపేటోడు. మూతున్న ప్లాస్టిక్ డబ్బీ చేతికిచ్చి, "ఉమ్మి కాదు, లోపలికెంచి దగ్గి తియ్యాలె, ఎండల నిలబడి తియ్యి" అని బయటికి పంపేదాన్ని. వాళ్లు తెచ్చిచ్చిన కఫం గాజు పలక మీద పలుచగ పూసి, ఎర్ర రంగు పోసి, కింద దీపం చూపెట్టి, ఆవిరి లేసినంక కడిగి, నీలం రంగు వేసి చూసేదాన్ని. టీబీ ఉంటే నీలం నడుమ సన్నటి ఎర్ర గీతలు కనబడుతయి. కనబడితే పాజిటివ్ అని చీటీ రాయాలె, కనబడకుంటే నెగటివ్. పొద్దంత అదే పని. ఒక్కోసారి మధ్యాహ్నం దాక నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడకుండనే పని అయిపోయేది.

నేను పుట్టింది షాబాద్‌ల. మా బాపుకు కిరాణా దుకాణం. పెండ్లయి పోయిన ఇంట్ల నేను ఎక్కువ రోజులు ఉండలేకపోయిన. ఎందుకన్నది ఇప్పుడు చెప్పి లాభం లేదు. తిరిగొచ్చినంక కొన్నాళ్లు మా అన్నల ఇంట్ల ఉన్న. వాళ్లు ఒక్క మాట అనలే. కానీ నేను వంటింట్లకు పోతే మా వదినలు మాట్లాడుకునేది ఆగిపోయేది. ఉద్యోగం వచ్చినంక మొయినాబాద్‌ల రూం కిరాయికి తీసుకున్న. దవాఖానకు దూరమే, కానీ షాబాద్‌కు కూడ దూరం. నాకు కావలసింది అదే.

అవి హైదరాబాద్ పడమటి దిక్కు కంప్యూటర్ కంపెనీల అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. మా రోడ్డుకు ఆ బిల్డింగులు రాలే గానీ వాటి పైసలు వచ్చినయి. జొన్న చేన్లల్ల తెల్లరాళ్లు పాతి వెంచర్లు చేసిండ్రు. ద్రాక్ష తోటలు పీకి ఫాంహౌసులు కట్టిండ్రు. మోకిల దిక్కు పోతే ఎటు చూసినా ప్లాట్ల బోర్డులే. శనివారం వస్తే కార్లు వరుసగ పోయేటియి, అద్దాలన్ని మూసి ఉండేటియి. మొయినాబాద్‌ల అద్దె రూంలు పెరిగినయి, మనుషులు పెరిగిండ్రు, నాకు తెలిసిన మొహాలు మాత్రం పెరగలే.

తెలిసిన మొహం ఒకటే. సెవెన్ సీటర్ ఆటో నడిపేటాయన.

ఆయనది మొయినాబాద్ పక్కన పల్లె. ఉన్న కొంచెం భూమి వెంచరోళ్లకు అమ్మి ఆటో కొన్నడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల ఆయన రూటు. పొద్దున పోయేసరికి స్టాండుల నిలబడి "చేవెళ్ల చేవెళ్ల చేవెళ్లా" అని ఒర్రుతుండె. ఆ గొంతు మా రూం దాక వినొచ్చేది. నేను పోయేసరికి ముందు వరుసల కిటికీ దిక్కు సీటు మీద తువ్వాల వేసి ఉంచేటోడు. చేతిల బీడీ ఉంటే నన్ను చూడంగనే పారేసేటోడు. చేవెళ్లల అందరూ దిగినంక, తిరిగొచ్చేటప్పుడు ఉత్త బండి అయినా సరే, దవాఖాన దాక వచ్చి నన్ను దించి పోయేటోడు.

"ఎందుకన్నా, నేను చేవెళ్లలనే దిగి వేరే ఆటో ఎక్కుత" అంటే, "దవాఖాన కాడ సూదికి వచ్చినోళ్లు ఎవలో ఒకలు తిరిగిపోయేటప్పుడు దొరుకుతరక్కా" అనేటోడు. దొరికేది తక్కువ. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయన నన్ను అక్క అనేటోడు, నేను ఆయన్ను అన్న అనేదాన్ని. ఎవరు పెద్దో ఎన్నడూ అడుక్కోలే. చేవెళ్ల నుంచి దవాఖాన దాక ఆ పది నిమిషాలు మేం ఇద్దరమే. ఏం మాట్లాడుకునేటోళ్లమంటే, ఏం లేదు. టమాట ధర పడిపోయిందనీ, రోడ్డు వెడల్పు చేస్తున్నరనీ, ఆయన భార్య కంపెనీ సంగతులు. ఆమె మాదాపూర్ దిక్కు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీల ఊడ్చుడు తుడుసుడు పని చేసేది. పొద్దుగాలనే వ్యాన్ వచ్చి తీసుకపోయేది.

"లోపల సిగరెట్ తాగనియ్యరట అక్కా. గోడ బయట ఇసుక పోసిన డబ్బా పెట్టిండ్రట. ఇంగ్లిష్ మాట్లాడే పోరలంత ఆడ నిలబడి తాగుతరట. ఈమె రోజూ డబ్బా నిండ పీకలు ఏరుతది," అని నవ్వేటోడు.

"నువ్వు కూడ బంద్ చెయ్యరాదన్నా."

"నేను కంపెనీల లేను గద."

పొగ తాగొద్దన్న సర్కారు పోస్టర్లు ఒక కట్ట మా దవాఖానకు వచ్చినయి. గోడలకు అతికించినంక ఇంకా మిగిలినయి. ఒకటి ఆయనకిచ్చిన. సంబురంగ తీసుకొని తన సీటు వెనక, అందరికి కనబడేటట్టు అతికించుకున్నడు. ఆ తరువాత ఆటోల ఎవరన్నా బీడీ ముట్టిస్తే వెనక్కి తిరిగి పోస్టరు చూపెట్టేటోడు. తాను మాత్రం బండి ఆపి, దిగి, నాలుగడుగులు అవతలికి పోయి తాగొచ్చేటోడు.

ఒక దినం ఈ ముచ్చట్లనే, మాది షాబాద్ అని, బాపుది కిరాణా దుకాణమని చెప్పిన. ఆయన దుకాణం గుర్తులు అడిగిండు. చెప్పిన. "నా మొదటి బీడీ కట్ట మీ దుకాణంలనే కొన్ననక్కా," అన్నడు. "అంగడికి మా నాయినతోని వచ్చిన. మీసాలు గూడ రాలే. మీ బాపు నన్ను చూసి, ఎవరికిరా అన్నడు. మా నాయినకు అని చెప్పిన."

ఆయన నవ్వుకుంట చెప్పిండు. నేను నవ్విన. మా బాపు ఎన్నడూ బీడీ ముట్టలే. దుకాణంల బీడీ కట్టల పెట్టె పక్కనే నా చదువు సాగింది. ఆ పొగాకు వాసనకు నాకు ఇప్పటికీ మా ఇల్లే గుర్తుకొస్తది.

ఆయనకు దగ్గు ఎప్పటి సందో ఉండె. బీడీ తాగేటోళ్ల దగ్గును ఎవరూ జబ్బనుకోరు. కానీ ఒక వానకాలం మొదట్ల అది తీరు మారింది. బండి గేరు మార్చేటప్పుడు దగ్గు వచ్చి రెండు చేతులు వదిలేసేటోడు. "అన్నా, నా దగ్గరికి రా, చూద్దాం" అని నేనే అన్న. డాక్టరుకు చూపించి డబ్బీ ఇచ్చిన. మూడు సార్లు కఫం తెచ్చిండు. మూడు పలకలు నేనే చూసిన. మామూలుగ చూసేదానికంటె ఎక్కువసేపు చూసిన. ఒక్క ఎర్ర గీత లేదు. ప్రాణం తేలికపడ్డది. మధ్యాహ్నం బయటికొచ్చి, ఆటోల కూసున్న ఆయనకు నేనే చీటీ ఇచ్చిన.

"ఏం లేదన్నా. నెగటివ్. ఫికర్ చెయ్యకు."

ఆయన చీటీని రెండు చేతులతోని తీసుకొని కండ్లకద్దుకున్నడు.

ఈ మాట నేను తరువాత ఎన్నిసార్లు యాది చేసుకున్ననో లెక్క లేదు. నాకు తెలిసింది, ఆ మూడు పలకల మీద టీబీ క్రిములు కనబడలేదని మాత్రమే. నేను చెప్పింది, ఏం లేదని. ఆ రెంటి నడుమ ఎంత దూరం ఉన్నదో నాకు అప్పుడు తట్టనే లేదు.

డాక్టరు దగ్గుకు మందు రాసిండు. రెండు వారాలకూ తగ్గలే. ఎక్స్‌రే తీయించుకరమ్మన్నడు. తెస్తే, కుడి దిక్కు పైన మబ్బు తునక లెక్క ఒక నీడ ఉన్నది. మా డాక్టరు మంచోడు, చిన్న వయసు, ఒక్కడే పొద్దున్నించి వంద మందిని చూసేటోడు. కఫంల క్రిములు లేకున్నా ఎక్స్‌రేల నీడ ఉంటే టీబీ మందులు మొదలుపెట్టుడు అప్పుడు మామూలే. మా దగ్గర అందరికీ అట్లనే చేసేటోళ్లం, ఆయనకూ అట్లనే చేసిండ్రు. బీడీ తాగే మనిషికి ఆ నీడ ఇంకొకటి కూడ కావొచ్చని ఆ అర్రల ఉన్నోళ్లం ఎవరం అనలే.

ఆ మందులు ఇంటికియ్యొద్దు, ఎదురుంగ నిలబడి మింగించాలె. వారానికి మూడు దినాలు. మింగించే పని నాదే. ఆయన నన్ను దించి, నా వెనుకనే లోపలికొచ్చి, నా ల్యాబ్ గడప కాడ నిలబడేటోడు. ఏడు గోలీలు. నేను నీళ్ల గ్లాసు ఇస్తే ఒక్కొక్కటే మింగి, చిన్నపిల్లగాని లెక్క నోరు తెరిచి చూపెట్టేటోడు. రెండో స్టూలు మీది రిజిస్టర్లు కింద పెట్టి, ఆయనను కూసోమన్న. ఆ స్టూలు మీద కూసున్న మొదటి మనిషి ఆయననే.

"బీడీ తాగితే మందు పనిచెయ్యది," అన్న ఒక దినం. అది పూర్తి నిజం కాదు, బంద్ చేపియ్యాలని అన్న.

"ఒట్టా?"

"ఒట్టు."

బంద్ చేసిండు. మొదటి పదిహేను దినాలు చేతులు వణికినయి, ప్యాసింజర్ల మీద కోపానికొచ్చిండు. సోంపు జేబుల పోసుకొని నములుతుండె. తరువాత అలవాటైంది. నాకు గర్వమైంది. ఇంటికి పోయినంక ఎవరికన్నా చెప్పాలనిపించింది, కానీ ఎవరికి చెప్పాలె. కుక్కర్ మూత పెట్టుకుంట నాకు నేనే చెప్పుకున్న.

రెండు నెలలకు మళ్ల కఫం చూసిన. నెగటివ్. మంచిదే అన్నం. కానీ మనిషి చిక్కుతున్నడు. చొక్క భుజాల మీద నిలబడలే. కుడి రెక్క నొప్పి అన్నడు, స్టీరింగ్ పట్టి పట్టి అనుకున్నం. దగ్గుల సన్నటి నెత్తురు చార కనబడ్డది, టీబీల ఉంటదే అనుకున్నం. ప్రతి దానికి మా దగ్గర ఒక జవాబు ఉండె.

ఒక పొద్దున నేను రూంకు తాళం వేస్తుంటే ఏదో లోటు అనిపించింది. నడుస్తుంటే తెలిసింది. ఆయన ఒర్రుడు వినొస్తలేదు. స్టాండుకు పోయేసరికి ఆయన ఆటో పైకప్పు రేకును అరచేతితోని కొడుతున్నడు. దబదబ కొట్టి, వేలు చేవెళ్ల దిక్కు చూపెడుతున్నడు.

"ఏమైందన్నా గొంతుకు?"

"పోయిందక్కా," అన్నడు. గాలి తప్ప గొంతు లేదు. "జలుబు అనుకుంట."

మా డాక్టరు ఉప్పు నీళ్లు పుక్కిలించమన్నడు. మూడు వారాలైనా గొంతు రాలే. ఆ దినం నేను ల్యాబ్‌ల ఒక పాత పుస్తకం తీసిన. నేను ట్రైనింగ్‌ల చదివింది. టీబీ పాఠం పక్కనున్న క్యాన్సర్ పాఠం ఎన్నడూ తెరవలే, అది నా పని కాదనుకున్న. ఆ పేజీలల్ల గొంతు పోవుడు ఉన్నది, రెక్క నొప్పి ఉన్నది, చిక్కిపోవుడు ఉన్నది, పొగ తాగే అలవాటు ఉన్నది. పుస్తకం మూసి, సింకు కాడ నల్లా తిప్పి, నీళ్లు పోతుంటే ఊకె నిలబడ్డ.

మరుసటి దినం లీవు పెట్టి, ఎక్స్‌రేలు సంచిల పెట్టుకొని, ఆయనను బస్సుల పట్నం తీసుకపోయిన. ఆయన భార్యకు కంపెనీల సెలవు దొరకలే. పెద్ద దవాఖానల లైన్‌ల నిలబడ్డం. ఓపీ చీటీ రాసేటాయన నన్ను, "పేషెంటుకు ఏమైతరు?" అని అడిగిండు. నేను తడబడ్డ. ఆయన పక్క నుంచి, ఆ గాలి గొంతుతోని, "అక్క" అన్నడు. ఆ కాగితంల వయసు రాసినప్పుడు తెలిసింది, ఆయన నాకంటె రెండేండ్లు చిన్న.

స్కానింగు, సూదితోని లోపలి ముక్క తీసుడు, అన్ని అయ్యేసరికి చాలాసార్లు తిరిగినం. రిపోర్టు చెప్పిన దినం కూడ మేమిద్దరమే. అక్కడి డాక్టరమ్మ పెద్ద మనిషి. ఫిల్ము లైటు మీద పెట్టి చాలాసేపు చూసింది. పాత ఎక్స్‌రే పక్కన పెట్టింది. నన్ను, "మీరు అక్కడ పనిచేస్తరా?" అని అడిగింది. అవునన్న.

"కఫం నెగటివ్ వచ్చినప్పుడే ఇటు పంపాల్సింది. పొగ తాగే మనిషికి ఇట్లాంటి నీడ ఉంటే టీబీ ఒక్కటే అనుకోవద్దు," అన్నది. గట్టిగ అనలే. రోజూ అదే మాట ఎవరికో ఒకరికి చెప్పే మనిషి లెక్క అన్నది.

"అప్పుడొస్తే బాగయ్యేదా మేడం?" నేనే అడిగిన.

"చెప్పలేను. ఆపరేషన్ సంగతి ఆలోచించేటోళ్లం. ఇప్పుడు అది దాటిపోయింది. మందులతోని, రేడియేషన్ కరెంటుతోని కొన్ని రోజులు పొడిగించొచ్చు."

బయటికొచ్చి మెహిదీపట్నంల బస్సెక్కినం. ఆయన కిటికీ దిక్కు కూసున్నడు. లంగర్‌హౌస్ దాటినంక అడిగిండు.

"ఆ గోలీలన్ని ఉత్తగనేనా అక్కా?"

నాకు అబద్ధం ఆడాలనిపించింది. "ఉత్తగనే అన్నా," అన్న.

"అన్ని రోజులు నోరు తెరిచి చూపెడితి."

నేను ఏడ్చిన. ఆయన నా దిక్కు చూడకుండ, తువ్వాల తీసి నా ఒళ్లె పెట్టిండు. "నువ్వెందుకు ఏడుస్తవ్. నువ్వు చూసింది నువ్వు చెప్పినవ్," అన్నడు. ఆ మాటతోని నా మనసు తేలికపడాలె. పడలే.

కరెంటు పెట్టించుకునే రోజులల్ల ఆటో ఇంకొకరికి కిరాయికిచ్చిండు. నాకు సీటు మీద తువ్వాల వేసేటోళ్లు లేరు. ఆ కొత్త డ్రైవర్ చేవెళ్లలనే దించేటోడు. నేను సెలవు దినాలల్ల ఆయన ఇంటికి పోయేదాన్ని. రెండు అర్రల ఇల్లు. భార్య నాకు చాయ ఇచ్చి, పని చేసుకుంటనే మాట్లాడేది. ఒకసారి నాతోని, "కంపెనీల బోర్డు పెట్టిండ్రు, లోపల ఎవరూ తాగరు. మా ఇంట్ల బోర్డు ఎవరు పెట్టాలె? నేను చెప్తే వినకపోయె. నువ్వు చెప్తే విన్నడు. నువ్వు జర ముందుగాల దొరికితే బాగుండు," అన్నది. దాంట్ల ఎత్తిపొడుపు ఉన్నదా లేదా అని ఆ రాత్రంత ఆలోచించిన.

అప్పటికే బీడీ కట్టల మీద బొమ్మ వెయ్యాలని సర్కారు రూల్ వచ్చింది. నల్లగ, మసక మసకగ ఒక ఛాతీ బొమ్మ. మా రోడ్డు మీద దాన్ని ఎవరూ పోల్చుకోలే. ఒకాయన సీతాకోకచిలుక అన్నడు, ఒకాయన మేకతొక్క అన్నడు. ఒక ఆదివారం నేను పోయినప్పుడు ఆయన మంచం మీద కూసొని, పక్కింటాయన పారేసిన ఖాళీ కట్ట కాగితాన్ని సాపుగ చేసి చూస్తున్నడు.

"ఇది నాదే లెక్కున్నదక్కా," అన్నడు. వేలుపెట్టి చూపించిండు. "ఇగో ఇక్కడ. నాది జర పైన ఉన్నది."

పక్కింటాయన పిట్టగోడ అవతల నిలబడి ఉన్నడు. ఆయనను పిలిచి, తన ఎక్స్‌రే కవరుల నుంచి తీసి, పొద్దుకు అడ్డం పట్టి, ఆ కాగితం పక్కన పెట్టి చూపించిండు. గొంతు లేదు, చెప్పేటందుకు చాలా కష్టపడ్డడు. "గిది ఊపిరితిత్తి... గిది గడ్డ... బొమ్మ గిదే." పక్కింటాయన ఆ దినం సంది బీడీ మానిండని చెప్పలేను, నాకు తెల్వది. కానీ ఆ బొమ్మ ఏందో ఆ వాడకట్టుకు చెప్పింది ఆ మనిషి ఒక్కడే. మా పోస్టర్ల కట్ట చెయ్యలేని పని అది.

ఎండకాలం చివర్ల పోయిండు. నాకు చెప్పినోళ్లు ఎవరూ లేరు. ఆటో నడిపే కొత్తాయన పొద్దున యథాలాపంగ అన్నడు, "పాత ఓనరు పోయిండు గదా మేడం, నిన్న." నేను ఆటో దిగి ఆ ఊరికి నడిచిన. అప్పటికే అన్ని అయిపోయినయి. వాకిట్ల ఆడోళ్లు కూసొని ఉన్నరు. ఒకామె, "మీరెవలమ్మా?" అన్నది. "దవాఖానల పనిచేస్త," అన్న. అంతకుమించి ఏం చెప్పాలో తెల్వలే. చుట్టాన్ని కాదు, పక్కింటిదాన్ని కాదు. ఏడిస్తే ఎందుకేడుస్తున్నదంటరేమోనని కండ్లు తుడుచుకొని ఒక మూలకు నిలబడ్డ.

దశదినం అయినంక ఆయన భార్య ఒక్కతే దవాఖానకు వచ్చింది. సర్టిఫికెట్ కాగితాల కోసం. పని అయినంక నా ల్యాబ్ గడప కాడికొచ్చింది. స్టూలు చూపెట్టిన, కూసోలే.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు," అన్నది. "మొదట నీ దగ్గరికొచ్చినప్పుడు ఏం లేదన్నవట. నీకు తెల్వకనా, తెలిసి చెప్పలేదా?"

"తెల్వకనే."

ఆమె మొహంల కోపం లేదు. "మరి తెలుసుకోవాలె గద," అన్నది. కొంగు భుజం మీద సర్దుకొని పోయింది. మళ్ల నా దగ్గరికి ఎన్నడూ రాలే. స్టాండుల కంపెనీ వ్యాన్ ఎక్కుతుంటే రెండు మూడుసార్లు కనబడ్డది. తల ఊపింది, అంతే.

ఆ మాట తరువాత నేను చేసింది పెద్ద పని కాదు. చేవెళ్లల రబ్బరు స్టాంపులు చేసే దుకాణం ఉన్నది. అక్కడ ఒక స్టాంపు చేయించిన. "టీబీ క్రిములు కనబడలేదు. అంటే జబ్బు లేదని కాదు. బీడీ, సిగరెట్, చుట్ట తాగేటోళ్లు దగ్గు తగ్గకుంటే ఛాతీ డాక్టరుకు చూపించుకోవాలె." చిన్న అక్షరాలు, రెండు లైన్లల్ల ఇరికింది. నెగటివ్ చీటీ రాసిన ప్రతిసారి కింద ఎర్ర ఇంకుతోని కొట్టేదాన్ని. చదువు రానోళ్లకు చదివి వినిపించేదాన్ని. రిజిస్టర్ల పక్కన ఇంకొక నోట్‌బుక్ పెట్టి, పొగ తాగి, నెగటివ్ వచ్చి, దగ్గు తగ్గనోళ్ల ఊర్లు రాసుకునేదాన్ని.

ఒకసారి జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు చీటీ చూసి, "ఈ స్టాంపు ఎవరిచ్చిండ్రు? ఫార్మాట్‌ల లేదు గదా," అన్నడు.

"నేనే చేయించిన సార్."

"ల్యాబ్ టెక్నీషియన్ పని చూసుడు, రాసుడు. సలహాలు డాక్టరు చెప్తడు. తీసెయ్యండి."

స్టాంపు తీసి సొరుగుల పెట్టిన. మరుసటి దినం నుంచి అదే మాట చేతితోని రాసిన. చేతిరాతకు ఫార్మాట్ ఏం ఉంటది. మా చిన్న డాక్టరు చూసిండు, ఏమనలే. కొన్నాళ్లకు ఆయనే, కఫం నెగటివ్ వచ్చి ఎక్స్‌రేల నీడ ఉన్న పొగతాగే మనుషులను నన్ను అడిగి పట్నం పంపుడు మొదలుపెట్టిండు. మేం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలే. ఆటో అన్న పేరు మా నడుమ రాలే.

చాలామంది పోలే. పట్నం దూరం, కూలి పోతది, భయం. పోయినోళ్లల్ల కొందరికి నిజంగనే టీబీ తేలింది, కొందరికి ఏం లేదన్నరు. ఒకరిద్దరికి గడ్డనే, కానీ ఆలస్యమే. ఒక్క మనిషి సంగతి మాత్రం వేరే. కొండకల్ దిక్కు నుంచి వచ్చిన పూల రైతు. నా చేతిరాత చీటీ చదివి, కొడుకుతోని కొట్లాడి మరీ పట్నం పోయిండట. గడ్డ చిన్నగున్నప్పుడే దొరికింది. కుడి ఊపిరితిత్తిల ఒక ముక్క కోసి తీసిండ్రు. ఈ ముచ్చట నాకు ఆయన చెప్పలే. మా డాక్టరుకు పట్నం నుంచి కాగితం వచ్చింది, ఆయన దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయిండు. నేను ఆ కాగితం నాలుగుసార్లు చదివిన.

ఆ మనిషిని నేను రిటైరయ్యే ముందు ఒక్కసారి చూసిన. చేవెళ్ల మార్కెట్‌ల పూల గంపల వెనుక గోనె పరుచుకొని కూసున్నడు. చీటీ తీసుకున్న దినం మొహం నాకు గుర్తున్నది, నా మొహం ఆయనకు గుర్తు లేదు. తక్కెడ ఎత్తేటప్పుడు నడుమ ఆగి ఊపిరి పీల్చుకొని, మళ్ల ఎత్తుతున్నడు.

"ఏం కావాలమ్మా?"

చెప్పొచ్చు. అన్నా, ఆ చీటీ రాసింది నేనే అని చెప్పొచ్చు. ఆ మాట చెప్తే, అది ఎందుకు రాసిననో కూడ చెప్పాలె. వెనుక ఇంకిద్దరు నిలబడ్డరు.

"పావు కిలో చామంతి," అన్న.

ఆయన తూకం వేసి, ఇంకొక పిడికెడు పైన వేసి, కాగితంల కట్టిచ్చిండు. ఒక్క మనిషి ఉండే ఇంటికి అన్ని పూలు ఎక్కువే. బస్సుల సీటు దొరకలే, మొయినాబాద్ దాక నిలబడే వచ్చిన. ఇంట్ల ఉన్న రెండు దేవుని పటాలకు పెట్టంగ సగానికి పైన మిగిలినయి. పళ్లెంల పోసి తడిగుడ్డ కప్పిన. ఎవరికన్నా ఇద్దామని తలుపు తీసి కాసేపు గడపల నిలబడ్డ. ఎదురింటోళ్లు కొత్తగ వచ్చినోళ్లు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ కొలువులు, ఇంకా ఇంటికి రాలే.

తలుపు దగ్గరికేసి, బియ్యం కడిగిన.